బయటికి తీసిన రోజు

వెంకటేశ్వరమ్మకి ఆసుపత్రుల ఏసీ పడదు. బ్రాడీపేటలోని ఆ సంతాన ఆసుపత్రిలో కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చుని, గోడల మీద నవ్వుతున్న బొద్దు పిల్లల బొమ్మల్ని చూసి చిరాకుపడుతోంది. ఇంతమంది కళ్ళనీళ్ళు పెట్టుకునే చోట ఆ ఇకిలింపులేమిటో!

ఆమె కూతురు అఖిలకి పెళ్ళికి ముందే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ మందులు పడితే పిల్లలు పుట్టకపోవచ్చని, డాక్టర్లు ముందే ఆమె అండాలు తీసి గడ్డకట్టించి దాచారు. జబ్బు నయమైంది. అన్నీ తెలిసే వీరబాబు ఆమెని చేసుకున్నాడు. ఇన్నేళ్ళకి అండాలన్నీ కరిగించారు. కొన్ని కరగడంలోనే పోయాయి, కొన్ని వీరబాబు బీజంతో కలవలేదు. చివరికి ఒకే ఒక్క పిండం దక్కింది.

"ఇవాళే గర్భంలో పెడదామమ్మా," అంది డాక్టర్ లిడియా.

అఖిల తల అడ్డంగా ఊపింది. "మళ్ళీ ఫ్రీజ్ చేసెయ్యండి మేడమ్. వచ్చే ఏడాది చూద్దాం."

వీరబాబు భార్య పక్కకి కుర్చీ జరుపుకున్నాడు. ఆలోచించుకోమని చెప్పి డాక్టర్ పక్క గదిలోకి వెళ్ళింది.

"ఏమే, ఒంట్లో బాలేదా?" అంది వెంకటేశ్వరమ్మ.

"బానే ఉందమ్మా. అది ఇక్కడ చల్లగా ఉన్నంతకాలం నాకో బిడ్డ ఉన్నట్టే. లోపల పెట్టాక నిలవకపోతే ఇంకేం మిగల్దు."

వెంకటేశ్వరమ్మ గతుక్కుమంది. ఆమె భర్త చెంచయ్యదీ ఇదే వరస. మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు పెరగనీ అంటూ కూర్చున్నాడు. పెరిగినా తియ్యలేదు. తీస్తే ఎంత పలికేదీ తేలిపోతుందని ఆ మొండిఘటానికి భయం. ఆయన పోయాక ఆమే వాటిని అమ్మకానికి మిర్చి యార్డుకి తోలించింది. మంచి రేటే పలికింది. ఆ రోజు యార్డులోనే, అందరి ముందూ, కోపంతో ఏడ్చింది.

"మీ నాన్న సంగతి తెల్సుగా. బస్తా విప్పితే కాయ ఎర్రగానే ఉంది, మనిషే లేడు. చలి కాయల్ని కాపాడుద్ది గానీ మనల్ని కాపాడదే పిల్లా."

"పోతే?"

"పోతే ఏడుద్దాం. ఏడవడం చాతకాదా మనకి?"

అఖిల లేచి, డాక్టరున్న గది వైపు నడిచి, గుమ్మంలో ఆగింది.

"అమ్మా, నిలిచాకైనా ఈ భయం పోద్దా?"

"పోదు," అంది వెంకటేశ్వరమ్మ. "నువ్వు కడుపున పడ్డ కాణ్ణించీ నాకు ఉంటానే ఉంది."