రెండు థర్మోస్టాట్‌లు

శ్రీహర్షకు పక్షవాతం వచ్చిన ఎనిమిది నెలలకు, ఒక ఆదివారం పొద్దున్నే హిమబిందు కారు మీద కప్పిన టార్పాలిన్ లాగేసింది. దాని మడతల్లోంచి ఎండుటాకులూ, దుమ్మూ జలజలా రాలాయి.

అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు శేషారత్నం తలెత్తి చూసింది.

"ఆ శనిని మళ్ళీ కదుపుతున్నావా అమ్మాయ్?"

"కదపకపోతే ఎలాగండీ అత్తయ్యగారూ? వారానికి మూడుసార్లు ఏలూరు వెళ్ళాలి. ఈయన్ని రైలు మెట్లెక్కించడం ఇంక నావల్ల కావట్లేదు."

శేషారత్నం మళ్ళీ చిక్కుడుకాయల మీదికి వంగింది. అనాల్సినదంతా ఈ ఎనిమిది నెలల్లోనూ అనేసింది.

మార్చిలో ముగ్గురూ ఆ కారులోనే మండవల్లిలో బంధువులింట ఒడుగుకి వెళ్ళారు. పొద్దున్న పీటల దగ్గరే శ్రీహర్ష చెయ్యి తిమ్మిరిగా ఉందన్నాడు. రాత్రి చేతి మీద పడుకున్నావేమో అని నవ్వేశారు అందరూ. భోజనాలయ్యాక బయల్దేరారు. కైకలూరు దాటి కొల్లేటి రోడ్డు మీద కొంతదూరం వచ్చేసరికి శ్రీహర్ష మూతి ఒక పక్కకి జారిపోయింది, చేతిలో స్టీరింగు నిలవలేదు. హిమబిందు ఎలాగో కారు పక్కకి తీయించి, మొగుణ్ణి పక్క సీట్లోకి లాగి, తనే నడిపింది. ఏలూరు ఇంకా సగం దూరం ఉందనగా వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కి కూర్చుంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. వెనక సీట్లోంచి శేషారత్నం "ఆపొద్దే, పోనీ, పోనీ!" అని అరుస్తూనే ఉంది. హిమబిందు ఆపింది. అటూ ఇటూ చేపల చెరువులు, నీడ కూడా లేని రోడ్డు. 108కి ఫోను చేస్తే అంబులెన్సు రావడానికి గంట పైనే పడుతుందన్నారు. ఆపమని చెయ్యెత్తితే రెండు బళ్ళు ఆగకుండా పోయాయి. యాభై నిమిషాల తరవాత చేపల మేత తీసుకెళ్ళే వ్యానువాడొకడు ఆగి, బస్తాల మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాడు.

ఆసుపత్రిలో డాక్టరు, చెయ్యి తిమ్మిరెక్కిన దగ్గర్నించీ గంటలు లెక్కపెట్టి, "ఇంజెక్షన్ ఇవ్వాల్సిన టైము ఓ అరగంట దాటిపోయిందండీ" అన్నాడు.

ఆ అరగంట అప్పట్నించీ ఇంట్లోనే మకాం పెట్టింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ శేషారత్నం కాఫీతో పాటు ఆ మాట కూడా అందించేది. "నేను మొత్తుకుంటూనే ఉన్నానండీ ఆపొద్దని. ముల్లు చూసి భయపడి ఆపేసింది." శ్రీహర్ష మంచం మీంచి గోడకేసి చూసేవాడు. పాపం మాట పడిపోయింది కదా, ఏం చెప్పగలడు అనుకునేది హిమబిందు. పోనిచ్చి ఉండాల్సిందేమోనని రోజూ వంటచేస్తూ, బళ్ళో ఏడో తరగతికి లెక్కలు చెబుతూ కూడా అనుకునేది.

కారును లాక్కొచ్చిన మెకానిక్ తాతాజీ లోపం చెప్పేశాడు. "థర్మోస్టాట్ బిగుసుకుపోయిందండీ. ఇంజను వేడెక్కగానే అది తలుపులా తెరుచుకుని నీళ్ళని రేడియేటర్లోకి వదలాలి. ఇది తెరుచుకోవట్లేదు. ఈ మోడల్లో అది ఇంజను వెనకాల, అడుగున ఉంటుంది. ఎందుకండీ, పీకి పారేసి అది లేకుండానే నడుపుకోండి." మొన్న హిమబిందు ఆ మాట ఎత్తగానే శ్రీహర్ష ఎడంచెయ్యి గట్టిగా ఊపాడు. "వద్దు. మనం. ఇంట్లో." నీటిపారుదల ఆఫీసులో ఫైళ్ళు చూసుకునే మనిషే గానీ, పదిహేనేళ్ళుగా తన బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. మాటలు నేర్పించే డాక్టరమ్మ కూడా, ఆయనకి బాగా తెలిసిన పని ఏదైనా ఆయన చేత చెప్పించి చెయ్యండి, మాట వస్తుంది అంది. అందుకే హిమబిందు శుక్రవారం నాడు గూడెం బజార్లో కొత్త థర్మోస్టాట్ కొనుక్కొచ్చింది.

శ్రీహర్షని కుర్చీలో కారు ముందు కూర్చోబెట్టి, ఆమె బానెట్ ఎత్తింది.

"ముందేం తియ్యాలండీ?"

"పెట్టె," అన్నాడు వేలు చూపిస్తూ. బ్యాటరీ. తీసింది. దాని కింద తట్ట, తరవాత ఏర్‌ఫిల్టరు డబ్బా, దాని లావుపాటి గొట్టం, అన్నీ తీసి వరసగా చాప మీద పెట్టింది. రేడియేటరు అడుగు మూత విప్పి పాతనీళ్ళు బకెట్లోకి పట్టింది. పచ్చగా ఉండాల్సిన కూలెంటు తుప్పురంగులో వచ్చింది.

"చెంచా," అన్నాడు.

"స్పానరా?"

"ఆఁ. తొమ్మిది. కాదు. తొమ్మిది. కాదు!"  ఎడంచేతి వేళ్ళు అయిదూ రెండుసార్లు చాపి చూపించాడు.

"పదో నంబరు. అర్థమైందండీ. అరవకండి."

డబ్బా తీసిన ఖాళీలోంచి చెయ్యి మోచేతి దాకా లోపలికి పెడితేగానీ థర్మోస్టాట్ మూత తగల్లేదు. ఇనుపంచు మీద చర్మం గీసుకుపోయింది. హోసు పైపు క్లిప్పు పట్టకారుతో నొక్కి వెనక్కి జరిపేసరికే పైన తొడుక్కున్న శ్రీహర్ష పాత చొక్కా చేతులు నల్లబడిపోయాయి. మూతకి మూడు బోల్టులు. పైవి రెండూ తేలిగ్గానే వచ్చాయి. మూడోది అడుగున ఉంది, కంటికి కనిపించదు. ఫోను కిందకి దించి ఫొటో తీసి చూసింది. ఆ బోల్టు తల ఒక మూల అరిగిపోయి ఉంది.

"దీన్నెవరో ఇదివరకే తిప్పబోయారండీ," అంది.

శ్రీహర్ష ఫోనుకేసి చూడలేదు. "వద్దు," అన్నాడు. "చాలు. తాతాజీ."

"ఇప్పుడా? నిన్నటిదాకా తాతాజీ వద్దన్నారుగా? బోల్టు తలకి తొడిగే సన్నటి సాకెట్టు ఉంటే వచ్చేస్తుంది. మీ గదిలో ఉండదూ?"

"లేదు! వద్దు! నేను!" అంటూ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. పడిపోతాడని ఆమె గబగబా కూర్చోబెట్టి, "మీరు కదలకండి, నేను చూస్తాను," అని పెరటి వైపు ఆయన పనిముట్లు పెట్టుకునే చిన్న గదిలోకి వెళ్ళింది. వెనకనించి "బిందూ, బిందూ" అని పిలుస్తూనే ఉన్నాడు. ఈ ఎనిమిది నెలల్లో తన పేరు అంత స్పష్టంగా పలకడం అదే మొదటిసారి.

సాకెట్లు పై సొరుగులోనే ఉన్నాయి. సన్నటిది కనపడక కింది సొరుగు లాగింది. గుడ్డపేలికల కింద పేపర్లో చుట్టిన చిన్న అట్టపెట్టె. తను శుక్రవారం తెచ్చినదాని లాంటిదే, అదే నంబరు. సీలు తియ్యలేదు. పెట్టెకి చుట్టిన రసీదు మీద తేదీ ఫిబ్రవరి తొమ్మిది. ఒడుగు మార్చి రెండున.

ఆమె అక్కడే ఒక ఆయిలు డబ్బా మీద కూలబడింది. జనవరిలో ద్వారకా తిరుమల వెళ్ళొస్తుంటే దారిలో కారాపి, ఇంజను చల్లారాలి, అందాకా చెరుకురసం తాగుదాం అన్నాడు. అప్పుడే తెలుసన్నమాట. ఫిబ్రవరిలో ఇది కొని తెచ్చి, తన లావుపాటి వేళ్ళతో ఆ అడుగు బోల్టు తిప్పబోయి, అది రాక, ఇంకొకరికి ఇవ్వడం చిన్నతనమనిపించి, మూసేసి పెట్టాడు. ఆ కారులోనే తల్లినీ పెళ్ళాన్నీ కొల్లేటి రోడ్డెక్కించాడు.

రెండు పెట్టెలూ పట్టుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇది నేను కొన్నది. ఇది మీరు కొన్నది."

శ్రీహర్ష తల వంచేసుకున్నాడు. కుడి పెదవి చివర ఉమ్మి జారింది. మామూలుగా అయితే ఆమె వెంటనే తుడిచేది. ఇప్పుడు నిలబడి చూసింది.

"ఆదివారం," అన్నాడు. "ఆదివారం… ఆదివారం…"

"ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ వచ్చారు. అది సరేనండీ. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనడిగేది అది కాదు."  "మీ అమ్మగారు రోజూ నన్ను అంటుంటే మీరు మంచం మీదే ఉన్నారు. వింటూనే ఉన్నారు. మాట రాక ఊరుకున్నారా, వచ్చీ ఊరుకున్నారా?"

ఆయన నోరు తెరిచాడు, మూశాడు.   ఆ జవాబు ఏమిటో ఆమెకి ఇప్పుడు కూడా తెలియలేదు. అదే భరించలేకపోయింది. పెరట్లో కుళాయి తిప్పి, మోచేతి మీది రక్తం కడుక్కుంటున్నట్టు చాలాసేపు నీళ్ళ కింద చెయ్యి పెట్టి ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి శ్రీహర్ష కుర్చీలో లేడు. కారు అంచుకి ఆనుకుని, వంకరకాలు ఈడ్చుకుంటూ, ఎడంచేత్తో ఆ ఇరుకులో ఏదో వెతుకుతున్నాడు. ఆమె పరుగెత్తింది. నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుంది.

"జరగండి. మీవల్ల కాదు. నావి సన్నచేతులు."

ఆమె ఒక చేత్తో ఆ స్పానరే పెట్టి, రెండో చేత్తో దాని చివర నొక్కింది. జారింది. మళ్ళీ పెట్టింది. "కొట్టు," అన్నాడాయన, "మెల్లి. కొట్టు." చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు తగిలించాక, బోల్టు కీచుమని ఒక పావు చుట్టు తిరిగింది. ఆ తరవాత దానంతటదే వచ్చినట్టు వచ్చింది.

పాత థర్మోస్టాట్ అరచేతిలో ఇమిడే ఇత్తడి బిళ్ళ. మధ్యలో మూత అంచుకి చిలుంపట్టి అతుక్కుపోయింది. మళ్ళీ కుర్చీలో కూర్చున్న శ్రీహర్ష వంటింటికేసి చూపిస్తూ "మరుగు, మరుగు" అన్నాడు. నీళ్ళు మరిగించి చూడమని. ఆమె పాత సత్తుగిన్నె ఒకటి తీసి, అరుగు మీదే కరెంటు పొయ్యి పెట్టి, పాతదీ కొత్తదీ దారాలు కట్టి రెండూ నీళ్ళలో వేలాడదీసింది. శేషారత్నం చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి దగ్గరకొచ్చింది.

"ఏమిటమ్మా ఈ వంట?"

"చూడండి అత్తయ్యగారూ."

నీళ్ళు బుడగలు కట్టాయి. కొత్తదాని మూత నెమ్మదిగా, ఎవరో లోపలినుంచి నెట్టినట్టు తెరుచుకుంది. పాతది తెరుచుకోలేదు. నీళ్ళు తెర్లి అంచుల మీంచి పొంగాయి. అయినా తెరుచుకోలేదు.

"ఆవేళ దీనివల్లే ఇంజను ఉడికిపోయిందండీ. ఆపకుండా పోనిచ్చి ఉంటే ఇంకో రెండు కిలోమీటర్లలో ఇంజను పట్టేసేది. అప్పుడూ ఆ వ్యాను కోసమే రోడ్డు మీద నిలబడాల్సొచ్చేది." ఇంతవరకే చెప్పి హిమబిందు ఆగింది. మిగతాది తను చెప్పదల్చుకోలేదు. మొగుడికేసి చూసింది.

"అమ్మా," అన్నాడు శ్రీహర్ష. "బిందు కాదు. నేను. నాకు… తెలుసు. ముందే."

"ఏదో అంటున్నాడు పాపం. మాట తడబడుతోంది వాడికి," అంది శేషారత్నం కోడలితో.

"తడబాటు కాదు!" ఎడంచేత్తో కుర్చీ మీద చరిచాడు. ఫిబ్రవరి పెట్టె తల్లి చేతిలో పెట్టాడు. "నేను. కొన్నా. వెయ్యలా. నేను."

ఆవిడ రసీదు కళ్ళకి దూరంగా పట్టుకుని చదివింది. రెండోసారి చదివింది. పెట్టె అరుగు మీద పెట్టేసి, పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. 

మూత అంచు గీకి శుభ్రం చేసి, కొత్త రబ్బరు ప్యాకింగు వేసి, ఆయన "పైకి, కన్నం పైకి" అంటుంటే థర్మోస్టాట్‌ని అంచున గాలి పోయే చిన్న కన్నం పైకొచ్చేలా కూర్చోబెట్టి, మూడు బోల్టులూ కొంచెం కొంచెంగా బిగించింది. తీసినవన్నీ తిరిగి బిగించి, కూలెంటు పోసి ఇంజను నడిపిస్తే, కొంతసేపటికి కింది పైపు చేతికి వెచ్చగా తగిలింది. ముల్లు సగం దగ్గర ఆగింది. శ్రీహర్ష నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

సాయంత్రం శేషారత్నం కోడలి మోచేతికి పసుపు రాసింది. తప్పయిందని అనలేదు. ఆ తరవాత ఎవరొచ్చినా కొల్లేటి సంగతి ఎత్తడం మాత్రం మానేసింది.

మంగళవారం కారులోనే ఏలూరు బయల్దేరారు. కైకరం, పూళ్ళ, భీమడోలు దాటాయి. కోసిన వరిపనలు రెండువైపులా చేలల్లో ఆరుతున్నాయి.

"ఆ పెట్టె నాకు దొరక్కపోతే," అంది హిమబిందు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఎప్పటికైనా చెప్పేవారా?"

గుండుగొలను దాకా ఆయన మాట్లాడలేదు. మాటకోసం వెతుకుతున్నాడో, ఉన్న మాట అనడానికి భయపడుతున్నాడో ఆమె ఊహించడం మానేసింది.

"తెలీదు," అన్నాడు చివరికి.

అది నిజమేనని ఆమెకి అర్థమైంది. క్షమించానని అనాలనిపించలేదు, అనలేదు. ఆసుపత్రి ముందు కారాపి, అటుతిరిగి వెళ్ళి తలుపు తీసి, "ముందు ఎడంకాలు దించండి," అని చెయ్యి అందించింది.