సాదత్ పేరుతో వచ్చిన మెయిల్

నరిన్ నది ఎగువన, నీటిమట్టం కొలిచే కేంద్రంలో అనిపా ఒక్కతే ఉండేది. తోడుగా పనిచేసిన స్నేహితురాలు సాదత్ బదిలీ మీద రాజధాని బిష్కెక్ వెళ్ళి ఆరేళ్ళయింది. మొదట్లో వారానికోసారి ఫోను చేసేది. తరువాత పండుగలకు చేసేది. ఆ తరువాత అదీ లేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం సాదత్ పేరుతో మెయిల్ వచ్చింది. మనం కలిసి పనిచేసిన రోజుల ఫొటోలు దొరికాయి, కింది లింకు నొక్కి ఆఫీసు పాస్‌వర్డ్ కొడితే కనిపిస్తాయి, ఈ రోజు దాటితే చెరిగిపోతాయి, తొందరగా చూడమని ఉంది.

అనిపా చేతిలోని టీ పక్కన పెట్టి లింకు నొక్కింది. పాస్‌వర్డ్ సగం కొట్టాక వేళ్ళు ఆగాయి. సాదత్ ఎవరినీ తొందరపెట్టే మనిషి కాదు. బస్సు హారన్ కొడుతున్నా నింపాదిగా తలగుడ్డ కట్టుకునేది. అనిపా కొట్టిన అక్షరాలు చెరిపేసి, పంపినవారి చిరునామా చూసింది. పేరు సాదత్‌దే, చిరునామా మరెవరిదో.

అయినా దాన్ని మూసెయ్యడానికి మనసొప్పలేదు. ఆ పేరు తెర మీద కనబడి ఎన్నేళ్ళయిందో.

జవాబు రాయకుండా, నోటుపుస్తకంలో ఉన్న పాత నంబరుకు ఫోను చేసింది.

“ఎవరండీ?” అంది సాదత్.

“నేనే, అనిపాని.”

“అయ్యో, గొంతు పోల్చుకోలేకపోయానే. ఏంటి సంగతి?”

అనిపా చెప్పింది. తానేమీ పంపలేదంది సాదత్. పోయిన వారం తానూ ఇలాంటిదేదో తెరిచిందట. తన దగ్గరున్న చిరునామాలన్నీ అప్పుడే దొంగల చేతిలో పడి ఉంటాయంది. వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోమని, తెలిసినవాళ్ళందరికీ చెప్పమని అంది అనిపా.

చివర్లో ఆగలేక అడిగింది. “ఫొటోలు నిజంగా లేవా?”

“ఏ ఫొటోలే? మనమెప్పుడు దిగాం?” అని నవ్వింది సాదత్. ఎవరో పిలుస్తున్నారంటూ పెట్టేసింది.

నిజమే. వాళ్ళిద్దరూ కలిసి ఒక్క ఫొటో కూడా దిగలేదు. తియ్యడానికి అక్కడ మూడో మనిషి ఉండేవాడు కాదు.

అనిపా పెద్దాఫీసుకు కబురు చేసి, తక్కిన నది కేంద్రాలన్నిటికీ ఆ మెయిల్ తెరవొద్దని రాసింది. కాసేపటికి చత్కాల్ నది మీది కేంద్రం నుంచి బైషెనలి అనే ఆయన ఫోను చేశాడు. ఆయన్ను ఆమె ఎన్నడూ చూడలేదు.

“చెల్లీ, నేను పొద్దున్నే తెరిచాను. పాస్‌వర్డ్ కూడా కొట్టేశాను. ముసలాడికి మతి పోయిందనుకోకు.”

అలా అనుకోవాల్సిందేమీ లేదని, తానూ సగం కొట్టానని చెప్పింది అనిపా. పాస్‌వర్డ్ ఎలా మార్చాలో ఒక్కొక్కటే చెబుతూ అరగంట ఫోనులోనే ఉంది. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడుతున్నాడో అడిగి అక్కడా మార్పించింది. పెద్దాఫీసుకు ఇప్పుడే చెప్పమంది.

అంతా అయ్యాక కూడా ఆయన ఫోను పెట్టలేదు.

“ఆ సాదత్ ఎవరో నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు చెల్లీ,” అన్నాడు. “నన్ను పేరు పెట్టి పిలుస్తూ ఎవరో రాశారు కదా అని తెరిచాను.”

మీ వైపు మంచు కరుగుతోందా అని అడిగింది అనిపా. ఆయన చాలాసేపు చెప్పాడు. ఆమె మధ్యమధ్యలో ఊఁ కొట్టింది. మళ్ళీ చేస్తానని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు.