గవర్నరు తర్వాతి గుక్క

సాన్ హెర్వాసియో గవర్నరు కార్యాలయంలో ఉదయం పదయ్యేసరికి ఎవరూ పని ముట్టుకోరు. టైపిస్టు సునిల్దా, ఎద్దుకొమ్ముతో చేసిన కప్పులో ఎండిన మాటే ఆకు పోసి, కూజా నీళ్ళలో ఐసు ముక్కలూ దంచిన పుదీనా వేసి, మొదటి గుక్క తను తాగి, మళ్ళీ నింపి పక్కవాళ్ళకిచ్చేది. పోసేవాళ్ళు ముందు తాగాలి, అది మర్యాద. ఒకే కొమ్ము, పీల్చడానికి ఒకే గొట్టం, గదంతా తిరిగేది. పరాగ్వేలో ఏ మూలకి వెళ్ళినా తెరెరె అనే ఈ చల్లటి పానీయం తాగే తీరు ఇదే.

మా ఊళ్ళో మాత్రం ఇంకొకటి ఉంది. ముందు తాగినవాళ్ళు ఎవరికీ చెప్పకుండా మింగేసిన మాట ఏదైనా ఉంటే, తర్వాత తాగేవాళ్ళ నాలుకకి అది తగులుతుంది. రుచితో పాటు సంగతీ తెలిసిపోతుంది. పెళ్ళికూతురి తర్వాత తాగిన మా మేనత్తల పుణ్యమా అని ఇష్టంలేని పెళ్ళిళ్ళు చర్చి మెట్ల దాకా వెళ్ళకుండానే ఆగిపోయాయి. కూరలో ఉప్పెక్కువైతే తెలియదా, అలాగే ఇదీను. దాచుకోవలసింది ఉన్నవాళ్ళు సొంత కొమ్ము తెచ్చుకుంటారు. చూసినవాళ్ళు అర్థం చేసుకుని ఊరుకుంటారు.

గవర్నరు ఎలిహియోకి ఊహ తెలిసినప్పటినుంచీ సొంత కొమ్మే, వెండి తొడుగుది. పెద్దింటి బిడ్డ కదా అని జనం సరిపెట్టుకున్నారు. రోడ్లు వేయించాడు, పండక్కి ఎద్దుల్ని కోయించి ఊరంతటికీ పెట్టాడు, ఫొటోలవాళ్ళు కనబడితే చాలు ముసలమ్మల నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఆ మహానుభావుడే ఉత్తరాలు టైపు చేయించాలని చెప్పి సునిల్దాని లోపలికి పిలిచి తలుపు మూయడం మొదలుపెట్టాడు. ముందు భుజం మీద చెయ్యి, తర్వాత నడుం మీద. ఇలా చెయ్యకండి అంటే చాకో అడవులకి బదిలీ చేస్తానన్నాడు. ఒక సాయంత్రం తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. విడిపించుకుని బయటపడేసరికి ఆమె మోచెయ్యి కమిలిపోయింది.

సునిల్దా ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మామూలుగానే కొమ్ము నింపింది, తాగింది, పక్కన కూర్చున్న గుమాస్తాకిచ్చింది. అతను ఒక్క గుక్క పీల్చి, తుప్పుపట్టిన మేకు నోట్లో పెట్టుకున్నవాడిలా మొహం పెట్టాడు. ఆమె వైపు చూడకుండా కొమ్ము తిరిగిచ్చేశాడు. మరుసటి రోజు సొంత కొమ్ము తెచ్చుకున్నాడు. అతని తర్వాత టెలిఫోను చూసే ఆమె, ఆ తర్వాత డ్రైవరు. ఒక్క రుఫీనాకే ఆ అవస్థ లేదు. ఆఫీసులో అందరికంటే పాతమనిషి ఆవిడ. కడుపు బాగోదని ఎన్నో ఏళ్ళుగా కిటికీ దగ్గర విడిగా కూర్చుని తన కొమ్ములో తాను తాగుతుంది.

చివరికి ఒకరోజు సునిల్దా కొమ్ము నింపి చెయ్యి చాపితే అందుకునేవాళ్ళు లేరు. అందరికీ తెలుసని అప్పుడు తెలిసింది ఆమెకి. తెలిసే తలలు వంచుకున్నారు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. కొమ్ము అక్కడే పెట్టి, వీధి దాటి ఎదురుగా ఉన్న ప్రాసిక్యూటరు నిదియా గారి గదిలోకి వెళ్ళి, మింగినదంతా కక్కింది.

గవర్నరు మీద కేసంటే మాటలా? ఎలిహియో అసున్సియోన్ నుంచి పెద్ద లాయరుని రప్పించాడు. కేసు కొట్టేస్తే పరువునష్టం కింద సునిల్దానే జైలుకి పంపిస్తానని రేడియోలో చెప్పాడు. నెలల బిడ్డ తల్లి అయిన సునిల్దా చెల్లెలు, వెనక్కి తీసుకోవే అక్కా అని కాళ్ళావేళ్ళా పడింది. సునిల్దా తీసుకోలేదు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మళ్ళీ మింగాల్సిందేగా అంది.

విచారణ రోజు కోర్టు కిటకిటలాడింది. సునిల్దా మొదట బోనెక్కి అంతా చెప్పింది. ఆమె తర్వాత ఆఫీసువాళ్ళు వరసగా వచ్చి, మేమేమీ చూడలేదు, వినలేదు అన్నారు. నాలుకకి తగిలింది సాక్ష్యం కాదు. చట్టం రాసింది రాజధానిలో, అక్కడివాళ్ళకి ఇది అలవాటు లేదు. నిదియా వాళ్ళని గద్దించలేదు. ఒక్కొక్కరినీ ఒకటే అడిగింది.

"ఆఫీసుకి సొంత కొమ్ము ఎప్పటినుంచి తెచ్చుకుంటున్నారు?"

రాజధాని లాయరుకి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు, అభ్యంతరం చెప్పలేదు. మాకు అర్థమైంది. అందరూ ఒకే నెల చెప్పారు, సునిల్దా మోచెయ్యి కమిలిన మార్చి నెల. చెబుతున్నప్పుడు గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి. రుఫీనా మాత్రం, "నాది చాలా ఏళ్ళుగా ఉందమ్మా. కడుపు బాగోదు," అని దిగిపోయింది. జడ్జిగారు మనసులో ఏమనుకున్నా, కాగితం మీద సునిల్దా మాట తప్ప మరో మాట లేదు. సాయంత్రానికి కేసు కొట్టేస్తారని బయట పందాలు కూడా కాశారు.

మధ్యాహ్నం విరామం ఇచ్చారు. ఎండకి కోర్టు ఆవరణ పెనంలా కాలుతోంది. అందరూ వరండా నీడలో చేరారు. సునిల్దా కూజా తెరిచి, తను ఒక గుక్క తాగి, నిదియాకి పోసింది. నిదియా తాగి, తల ఊపి, కొమ్ము ఇచ్చేసింది. అప్పుడే ఎలిహియో తన మందతో అటుగా వచ్చాడు. వెనకాల ఫొటోలవాళ్ళు ఉన్నారు. తనకి భయం లేదని ఊరికి చూపించుకోవాలి.

"నాకూ పొయ్యమ్మా. కోర్టు కోర్టే, దాహం దాహమే."

వరండాలో అందరూ అటు తిరిగారు. సునిల్దా తలెత్తి చూసింది. "పోస్తాను, మీకిచ్చే ముందు నేను తాగాలిగా," అని ఒక గుక్క పీల్చి, మళ్ళీ నింపి ఇచ్చింది.

ఎలిహియో జాగ్రత్తగా పీల్చాడు. ఆగాడు. తర్వాత గట్టిగా నవ్వాడు. "చూశారుగా? పుదీనా తప్ప ఏమీ లేదు."

"ఉండదండీ. ఉన్నదంతా పొద్దున చెప్పేశాను," అంది సునిల్దా.

అతను విననట్టు నటించి మిగిలిన నీళ్ళు తాగేశాడు. పుట్టి బుద్ధెరిగాక నలుగురి మధ్య ఒకే కొమ్ముతో తాగినవాడు కాదు. తన నాలుకకి ఏం తగులుతుందో అన్నదే ఆలోచించాడు గానీ, తాను ఏం వదిలిపెడుతున్నాడో ఆలోచించలేదు. సునిల్దా కొమ్ము నింపగానే ఆమె చేతిలోంచి తనే అందుకుని, స్తంభం దగ్గర నిలబడ్డ రుఫీనాకి చాపాడు. పొద్దున చెప్పిన సాక్ష్యానికి బహుమానం అన్నమాట.

"తీసుకో రుఫీనా. ఇవాళ ఒక్కరోజూ కడుపు సంగతి మర్చిపో."

అంతమంది ముందు గవర్నరే స్వయంగా ఇస్తే కాదనడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. తీసుకుని పీల్చింది.

తియ్యగా ఉంది. జామపండు మురబ్బాలా తియ్యగా ఉంది. ఆ తీపిలో అతనికి పేరు కూడా గుర్తులేని ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. పాత ఫైళ్ళ గది ఉంది. ఆ గదిలో, అప్పుడే ఉద్యోగంలో చేరిన ఒక పిల్ల, పచ్చ జాకెట్టు గుండీలు తెగి, గోడకి నక్కి ఉంది. ఆ గుండీలు రుఫీనా ఆ రాత్రి ఇంట్లో తనే కుట్టుకుంది. అప్పటినుంచీ తన నోట్లో చేదు తప్ప మరోటి ఎరగదు, ఆ చేదు ఇంకొకరికి అంటకూడదనే విడిగా కూర్చుంది. అదే సంగతిని ఈ మనిషి ఇన్నేళ్ళూ బెల్లంముక్కలా చప్పరిస్తున్నాడు.

రుఫీనా కొమ్ము సునిల్దా చేతిలో పెట్టింది. అప్పట్లో కమిలిన ఆమె మోచేతిని ఒకసారి తడిమింది. కోర్టు మళ్ళీ మొదలవగానే ఎవరూ పిలవకుండానే బోనెక్కింది.

"పొద్దున అబద్ధం చెప్పానండీ. ఆ సాయంత్రం ఈ పిల్ల బయటికి పరిగెత్తడం చూశాను. ఎందుకో కూడా నాకు తెలుసు, అంతకుముందు నాకూ జరిగింది కాబట్టి."

అబద్ధపు సాక్ష్యానికి శిక్ష ఉంటుందని జడ్జిగారు హెచ్చరించారు.

"వెయ్యండి. ముందు ఇది రాసుకోండి," అంది రుఫీనా.

లాయరు అభ్యంతరం అంటూ లేచాడు. రుఫీనా అతన్ని పట్టించుకోలేదు. ముందు వరసలో కూర్చున్న మనిషి వైపు తిరిగింది. అతన్ని గవర్నరుగారూ అని కాక మరోలా పిలవడం ఆ ఊళ్ళో అదే మొదలు.

"నీకు అది తియ్యగా ఉందా, ఎలిహియో?"

అతను లాయరు వైపు చూశాడు. లాయరు ఇంకా ఏదో సెక్షను చదువుతున్నాడు. వెనక బెంచీలో గుమాస్తా లేచాడు, టెలిఫోను చూసే ఆమె లేచింది, డ్రైవరు లేచాడు. ముగ్గురూ వచ్చి రుఫీనా వెనక, తమ వంతు కోసం నిలబడ్డారు.