భుజం మీది చేయి

పటంలో ఒక సాధ్వి మోకరిల్లి ఉంటుంది. ముందు ఆరిపోయిన దీపం, పక్కన తెల్లపిట్ట, వెనక అంతా నలుపు. ఆ నలుపులోంచి ఒక చేయి మాత్రం వచ్చి ఆమె భుజం మీద ఆనుతుంది.

పాత బొమ్మలు శుభ్రం చేయడం మా అమ్మ పని. పొగచూరిన ఆ చెక్క పటాన్ని ప్రార్థన మందిరం పెద్దాయన మోయించుకొచ్చాడు.

"దీపం అహంకారమమ్మా, ఆరింది. పిట్ట ఆత్మ. చేయి దేవుడిది. పట్టుకోలేదు చూశావా, ఊరికే ఆనింది. వేలి కొన మీద ఎర్ర చుక్కలు మన పాపాలు" అని నాకు వివరించాడు. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. తలూపాను.

ఆయన వెళ్ళాక తాతయ్య నవ్వాడు. నలభై ఏళ్ళ కిందట ఆ బొమ్మ వేసింది ఆయనే.

"ఆత్మట, ఆత్మ! అక్కడ కాస్త ఖాళీ మిగిలితే పిట్టను పెట్టానే."

"మరి చుక్కలు?"

"సూదిపోట్లు. చొక్కాలు కుట్టేది." నవ్వు ఆగిపోయింది. "మీ అమ్మమ్మ చేయి అది."

అమ్మ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. తను పుట్టిన రోజే అమ్మమ్మ పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు.

"మనిషినంతా వేశావా నాన్నా?"

"వేశాను. మర్నాడు చూడలేక నల్లరంగు పూసేశాను. ఆ చేతిని కప్పడానికి మాత్రం మనసొప్పలేదు."

"ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం? నేనేమన్నా పొరుగింటిదాన్నా?"

"తీయకు తల్లీ. నా మాట విను."

అమ్మ వినలేదు. రంగు కరిగించే మందులో ముంచిన దూదితో మూడు రోజులు గోరంత గోరంత నలుపు తీసింది. భుజం బయటపడింది, మెడ, గడ్డం. మూడో రోజు మధ్యాహ్నం ముఖం వచ్చింది.

కళ్ళు మూసి ఉన్నాయి. శవానికి కట్టినట్టు దవడ కింది నుంచి నడినెత్తికి గుడ్డ కట్టి ఉంది.

అమ్మ దూది పక్కన పెట్టేసింది. నేను ఆమె చీర చెంగు పట్టుకుని నిలబడ్డాను.

"నన్నొక్కసారి వెయ్యవా అని ఎన్నిసార్లు అడిగిందో" అన్నాడు తాతయ్య, గుమ్మం దాటి లోపలికి రాకుండానే. "చేతిలో పనులు అయిపోనీ అనేవాణ్ణి. ఆ ఒక్క రోజే తీరిక చేసుకున్నాను."

అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. సన్న కుంచె తీసింది. రంగుల పలక మీద తెలుపు పిండింది, దాని పక్కన గోధుమరంగు, దాని పక్కన నలుపు.

"కళ్ళు తెరిపిస్తాను నాన్నా. చెప్పు. ఎలా ఉండేవి? పెద్దవా? తేనెరంగా, నలుపా?"

తాతయ్య నుదురు రుద్దుకున్నాడు.

"ఉండు... చెప్తాను, ఉండు..."

కుంచె కొన మీద రంగు ఆరిపోతోంది. జవాబు కోసం ఆయన కూడా ఆ పటం వైపే చూస్తున్నాడు.