వంటింటికి లైన్ క్లియర్

దసరా ఇంక నెల్లాళ్ళే ఉంది. అదే సౌభాగ్య గుండెల్లో రాయి. దసరా నాటికి సందీప్ ఒక పేజీ చదివి, అరపేజీ రాసి చూపించకపోతే పిల్లలిద్దర్నీ బొబ్బిలిలో హాస్టల్లో వేసేస్తానని మొగుడు తిరుమలరావు తేల్చేశాడు. ఆయన మధ్యప్రదేశ్‌లో కట్నీ లైన్లో ఓ చిన్న స్టేషన్‌కి అసిస్టెంటు స్టేషన్ మాస్టరు. ఇంట్లో కూడా ఆయన ఒక మాటన్నాడంటే సిగ్నల్ పడిపోయినట్టే.

జూన్‌లో బడిలో ఒక మాస్టారు సందీప్ రాతని క్లాసంతటికీ చూపించి నవ్వించాడు. ఆ మర్నాటినుంచి పదేళ్ళ కుర్రాడు పెన్సిలు ముట్టలేదు. బడి గేటు కనబడితే చాలు, వాంతి చేసుకునేవాడు. అన్న వెళ్ళనప్పుడు నేనెందుకని ఎనిమిదేళ్ళ హరిప్రియ కూడా సంచీ మూల పడేసింది. ఇంట్లో చెప్పుకోండి, ఏప్రిల్లో కొత్త క్లాసులప్పుడు చూద్దాం అన్నారు బడివాళ్ళు. అలా ఇంటర్ దాకా తెలుగులో చదివి, హిందీ కూడబలుక్కునే సౌభాగ్య పంతులమ్మ అయిపోయింది. పుస్తకం తెరిస్తే ఒకడికి దాహం, ఇంకోదానికి కడుపునొప్పి. మూడు నెలలుగా చెవిటివాడి ముందు శంఖం ఊదుతోంది.

ఆ రోజూ అంతే. యార్డులో ఇంజన్లు పొద్దుటినుంచీ కూతలు పెడుతున్నాయి. ఇంట్లో ఇద్దరూ వరండాకీ వంటింటికీ మధ్య నడవలో పరుగులు. పాలగిన్నెతో వస్తున్న సౌభాగ్యని ఢీకొట్టారు. పాలన్నీ నేలపాలు.

"ఆగండి!" అని అరిచింది. "ఇకమీద లైన్ క్లియర్ లేకుండా ఎవుడూ వంటింట్లో అడుగెట్టడానికి లేదు!"

సందీప్ ఆగాడు. ఆ మాట రోజూ నాన్న నోట వినేదే. "లైన్ క్లియర్ మతలబ్ ఏటమ్మా?"

జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. మూడు నెలలుగా వీడు అడక్కుండానే అన్నీ చెప్పింది, ఏం ఒరిగింది? నోరు మూసుకుంది.

"నీకెందుకు?" అని పాలు తుడవసాగింది.

వాడు వెంటపడ్డాడు. "బతావ్ నా అమ్మా, చెప్పు!"

కాస్త బతిమాలించుకుని చెప్పింది. "రెండు స్టేషన్ల మధ్య ఒక టైముకి ఒకటే బండుండాల. అవతలోడు నంబరిస్తేనే ఇవతలోడు బండి వదలాల."

"ఏ నంబరు?"

"అది ఇప్పుడు చెప్పను."

సాయంత్రానికి వంటిల్లొక స్టేషను, వరండా ఒక స్టేషను, మధ్య నడవ లైను. వంటింటి మాస్టరు హరిప్రియ. పాత కేలండరు వెనక రెండంకెల నంబర్లు కలగాపులగంగా రాసుకుని గౌను జేబులో దాచుకుంది. ఎవరెటు కదిలినా నంబరు తనే ఇచ్చి, ఇచ్చింది కొట్టేయాలి. వరండా మాస్టరు సందీప్. ఎవరు కదిలారు, ఎన్ని గంటలకి, ఏ నంబరు మీద, ఎంత లేటు, కారణం ఏమిటి, అన్నీ రిజిస్టర్లో రాయాలి.

"నేను రాయను," అన్నాడు.

"అయితే బండి కదలదు," అని సౌభాగ్య అన్నం గిన్నెతో వంటింట్లోనే కూర్చుంది. ఆకలి రుచెరగదంటారు, సిగ్గు కూడా ఎరగదు. అరగంటకి వాడు పెన్సిలు పట్టుకుని, వంకరగా 47 వేశాడు.

తర్వాత వాణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు. గడియారం చూడ్డం వచ్చింది, నిమిషాలు తీసేయడం వచ్చింది. హిందీలో 'పాలు. పద్నాలుగు నిమిషాలు లేటు. కారణం, పిల్లి' అని రాశాడు. పక్క క్వార్టరు అప్పలనర్సమ్మని గుమ్మంలో ఆరు నిమిషాలు నిలబెట్టేశారు.

"ఏటే సౌభాగ్యా, ఇది ఇల్లా, జంక్షనా?" అందావిడ. సందీప్ కారణం అడిగితే, "మోకాలు నొప్పని రాసుకో నాయినా," అంది.

అయినా పాఠ్యపుస్తకం మాత్రం వాడు తెరవలేదు. సౌభాగ్య కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది. చదువు చెబుతున్నానా, నన్ను నేనే మోసం చేసుకుంటున్నానా? నవ్వుతాడేమోనని మొగుడికి ఆట సంగతే చెప్పలేదు.

దసరాకి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం వస్తూనే తిరుమలరావు బల్ల మీద ఒక కాగితం పెట్టాడు.

"బొబ్బిలికి పాసు రాయించేసేను. శుక్రవారం బండి. ఏదీ, చదవరా."

హిందీ వాచకం చేతిలో పెట్టాడు. సందీప్ దాన్ని తెరవలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

"స్టేషనాటలో ఆడు రాసిన రిజిస్టరొకసారి చూడండి," అంది సౌభాగ్య.

"ఆటలు చూస్తానేటి!"

చూడలేక ఆమె వంటింట్లోకి పోయింది. ఏదో ఒక పని చెయ్యకపోతే ఏడుపొచ్చేలా ఉంది. హరిప్రియ దగ్గర నంబరు తీసుకుని చారు గిన్నెతో నడవలోకి వచ్చింది. అదే సమయానికి తిరుమలరావు మంచినీళ్ళకని లేచాడు. సందీప్ అడ్డం నిలబడ్డాడు.

"నాన్నా, లైన్ క్లియర్ లేదు."

"తప్పుకో!" అని తోసుకొచ్చి ఆమెని ఢీకొట్టాడు. వేడి చారు ఆయన పాదం మీద పడింది. కుయ్యోమని స్టూలు మీద కూలబడ్డాడు.

సందీప్ గబగబా ఏదో రాసి, రిజిస్టరు ఆయన ఒళ్ళో పెట్టాడు. "రూల్ తప్పితే ఎక్స్‌ప్లనేషన్ రాయాలి కదా. మీరే చెప్పేరు."

'12.40. నాన్న. నంబరు లేదు. లైన్లో అమ్మ ఉంది.'

రిజిస్టరు కనబడితే తిరగేయకుండా ఉండలేని ఉద్యోగం ఆయనది. పాదం మీద తడిగుడ్డ వేసుకుని పేజీలు తిప్పాడు. దాదాపు నెల్లాళ్ళ రాత. ప్రతి పేజీలోనూ ఒక వరస: 'నాన్న. రావలసింది 8.30. వచ్చింది 11.10. కారణం.' ఆ పక్కన ఏమీ లేదు.

"పిల్లికి కూడా కారణం రాసేవు. నాకెందుకు ఖాళీ వదిలేసేవు?"

"మీరెప్పుడూ చెప్పలేదు. అడిగితే తిడతారని..."

ఆ మాట ఆయనకి చారు కంటే ఎక్కువ కాలినట్టుంది. తిరుమలరావు పెన్సిలు తీసుకుని 12.40 పక్కన రెండు ముక్కలు రాసి, కుంటుతూ వరండాలోకి వెళ్ళిపోయాడు. రాసింది తెలుగులో. బొబ్బిలి బడిలో దిద్దిన చెయ్యి కదా.

సందీప్‌కి ఆ అక్షరాలు రావు. "అమ్మా, నాన్న ఏటి రాసేరు?"

సౌభాగ్య చదివింది. చెప్పేద్దామని నోరు తెరిచి, మూసుకుంది.

"నీకెందుకు?"

"బతావ్ నా!"

"ఒక్కో అక్షరం చెప్తాను. కలుపుకోడం నీ పని."

అన్నాలు చల్లారిపోయాయి. అన్నాచెల్లెళ్ళు రిజిస్టరు మీదకి వంగిపోయారు. తొం... ద... ర... ప... డ్డా... ను. "జల్దీ చేసేసేననా?" అంది హరిప్రియ. సౌభాగ్య అవునంది. తర్వాతి మాట, పా... సు.

సందీప్ ఆగిపోయాడు. బల్ల మీది కాగితం చూశాడు. "ఇంక చదవను," అన్నాడు. కళ్ళలో నీళ్ళు.

"లైన్లో బండి ఆపకూడదురా," అంది సౌభాగ్య. గుమ్మం గట్టిగా పట్టుకుని నిలబడింది. "చదువు."

"వా... ప... సు."

వాడు తలెత్తాడు. ఆ మాటకి వాడికెవరూ అర్థం చెప్పక్కర్లేదు, వీధిలో రోజూ హిందీలో అనేదే. "వాపస్?" అని ఇల్లెగిరిపోయేలా అరిచి, నంబరు అడక్కుండానే వరండాలోకి పరుగెత్తాడు.