వంకాయరంగు జుట్టు పూలమ్మ

ఆ ఇంట్లో పొద్దున్నే ముందుగా లేచేది పూలమ్మ. ఆఖరున లేచేది ఆమె కొడుకు ధర్మేందర్. మధ్యలో లేచే మొగుడు దశరథను లేచినట్టు లెక్కపెట్టనక్కర్లేదు. మంచం మీంచి అరుగు మీది కుర్చీలోకి మారతాడు, అంతే. వాళ్ల ఊరు అల్మాస్‌గూడలో ఉన్న పొలమంతా ప్లాట్లయిపోయాక ఆయన చేసిన పెద్ద పని మీసానికి రంగేసుకోవడం.

పూలమ్మది ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ కింద కూరగాయల బండి. మార్కెట్లో ఆలుగడ్డ మూటలూ ఉల్లిగడ్డ మూటలూ ఆటోలోకి ఎక్కించీ దించీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. బరువులు మోయొద్దని దవాఖానలో డాక్టరు చెప్పాడు. "మరి నువ్వొచ్చి మోస్తవా బిడ్డా?" అని అడిగింది. ఆయన గోళీలు రాసి పంపించాడు.

కొడుకు మొయ్యొచ్చు కదా అంటారేమో. కొడుక్కి తీరిక లేదు. దిల్‌సుఖ్‌నగర్లో కానిస్టేబుల్ కోచింగ్, అది కాగానే అక్కడే స్టడీ హాలు. స్టడీ హాలంటే పావురాల గూళ్లలాంటి అరలు. ఒక్కో గూట్లో ఒక్కో కాబోయే ఉద్యోగి తల వాల్చి నిద్రపోతుంటాడు. ధర్మేందర్ మాత్రం నిద్రపోడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఫోనులో ఆట ఆడతాడు.

జపాను బొమ్మల సినిమాలా ఉంటుంది ఆ ఆట. ఇంతింత కళ్లు, ఉందో లేదో తెలియని ముక్కు, మనిషికన్నా పొడుగు కత్తి. ఎక్కడెక్కడి పనిలేని వాళ్లూ ఆన్‌లైన్లో కలుసుకుని రాక్షసుల్ని నరుకుతారు. దొరికిన సామాన్లతో ఎవరి మనిషిని వాళ్లు బలంగా పెంచుకుంటారు. ధర్మేందర్ రెండేళ్లుగా ఒకే మనిషిని పెంచుతున్నాడు. వంకాయరంగు జుట్టు పిల్ల. పేరు పూలమ్మ.

ఆ చుట్టుపక్కల ఆటో కొన్నా, బోరేసినా, కిరాణా కొట్టు పెట్టినా అమ్మ పేరు రాయకుండా మొదలుపెట్టరు. అమ్మకు అన్నం పెట్టనివాళ్లు మరీ పెద్ద అక్షరాలతో రాయిస్తారు. ఆటలో బొమ్మకు పేరు పెట్టమనగానే ధర్మేందర్ కూడా అలవాటుకొద్దీ అమ్మ పేరు కొట్టాడు. మంచిదని ఫోను చుట్టూ ఊదుబత్తి తిప్పాడు.

దాంతో ఆటలో పూలమ్మకు లెవెల్ పెరిగినప్పుడల్లా ఇంట్లో పూలమ్మకు బలం రాసాగింది. మొదట మోకాళ్ల నొప్పి పోయింది. తర్వాత నిండు గ్యాస్ సిలిండరును బిందెలా చంకనెత్తుకుంది. ఉగాది దాటేసరికి జుట్టు వంకాయరంగు తిరిగింది. పక్కింటి ఈరమ్మ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏం రంగు పెట్టినవ్ వదినా? జర నాకు గూడ చెప్పు."

"రంగు గాదే. పోరడు ఆట ఆడుతుండు."

"మావోడు గూడ ఆడుతుండు. గని వాడు పెండ్లాం పేరు పెట్టిండు, బేకార్‌గాడు! గందుకే అది మొన్న బీరువా ఒక్కతే జరిపింది. నాకేమో నడుం నొప్పి గట్లనే ఉంది."

వాడకట్టులో దీని మీద జరిగిన చర్చ అంతే. పనులు చెప్పడం మాత్రం అందరూ మొదలుపెట్టారు. దశరథ అరుగు మీంచి, "పూలమ్మా, కుర్చీ జర నీడకు జరుపు" అనేవాడు. ఆయన లేచేదాకా ఎవరు ఆగుతారు? ఆమె మొగుడితో సహా కుర్చీని ఎత్తి నీడలో పెట్టేది.

ఇలా ఉండగా ధర్మేందర్ ప్రిలిమ్స్ పాసయ్యాడు. ఎలా పాసయ్యాడని మీరు నన్ను అడగొద్దు, నేను అతన్ని అడగలేదు. ఇక తర్వాతి మెట్టు ఈవెంట్సు: పరుగు, లాంగ్ జంప్, గుండు విసరడం. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్లీ రాయడానికి ఉండదు.

"పొద్దుగాల లేసి ఉరుకు బిడ్డా," అంది పూలమ్మ.

"ఉరుకుడు పాతకాలపు పద్ధతమ్మా."

కొత్త పద్ధతి చెప్పింది పక్క గూటి మహిపాల్. ఏ పరీక్షా పాసు కాకపోయినా, ఎలా పాసు కావాలో అందరికీ చెప్పే మనిషి.

"ఆటల నీ పేరు మీద ఇంకోణ్ణి పెట్టు మామా. అమ్మ బొమ్మకున్న సామాన్లు తీసి వానికి తొడుగు."

"అన్నీ తియ్యాల్నా?"

"అన్నెందుకు? దాడి సామాన్లు తియ్. కత్తి, ఉంగరం, చేతి తొడుగులు. ప్రాణం పెంచేటియి ముట్టకు. ఆట తెల్సినోడెవడు ప్రాణం చూడడు. ఒక్క దెబ్బకు లేపెయ్యాలె, అంతే!"

ఆటలో దాడి అంటే ఎంత గట్టిగా కొట్టగలం అని. ప్రాణం అంటే ఎంతసేపు నిలబడగలం అని. ఈ రెంటిలో నిలబడటం దండగని మహిపాల్ తేల్చాడు. అతను పదేళ్లుగా స్టడీ హాల్లో కూర్చునే ఉన్నాడు మరి.

ఆ సాయంత్రం ధర్మేందర్ తల్లికి సంగతి చెప్పాడు. ఆమె బెండకాయలు తరుగుతూ వింది.

"తీస్కో బిడ్డా. నీ నౌకరికంటే ఎక్కువనా? గని నా మోకాళ్లు మాత్రం తియ్యకు."

"మోకాళ్లు ప్రాణంల ఉంటయమ్మా. అది నాకెందుకు, పనికిరాని సామాను. నువ్వే ఉంచుకో."

తెల్లారేసరికి ధర్మేందర్ చేతిలో బ్రష్షు విరిగింది. బాత్రూం తలుపు గొళ్లెం ఊడొచ్చింది. సంతోషం పట్టలేక తండ్రి వీపు తడితే ఆ పెద్దమనిషి కుర్చీలోంచి లేచి గేటు దాకా వెళ్లాడు. ఏళ్ల తర్వాత ఆయన నడవడం చూసి ఈరమ్మ దిష్టి తీసింది. పూలమ్మకు సిలిండరు మళ్లీ బరువైంది. కానీ కాళ్లకు మాత్రం అలుపు లేదు.

ఈవెంట్సు రోజున గ్రౌండు నిండా కుర్రాళ్లు. కంచె బయట తల్లులు, తండ్రులు. పూలమ్మ అరటిపండ్ల సంచితో నిలబడింది. ధర్మేందర్ చూపంతా ఇనుప గుండు మీదే ఉంది. అతను విసిరి ఉంటే అది నాగోలులో ఎవరి డాబా మీదో దొరికేది. కానీ ముందు పదహారు వందల మీటర్లు పరుగెత్తాలి. అందులో నెగ్గినవాళ్లనే గుండు దగ్గరికి రానిస్తారు. ఈ సంగతి కోచింగులో మొదటి రోజే చెప్పారు. మొదటి రోజు అతను రాక్షసుణ్ణి నరుకుతున్నాడు.

విజిల్ మోగగానే బాణంలా దూసుకుపోయాడు. అందరికన్నా ముందున్నాడు. "మా కొడుకు!" అని పూలమ్మ అరిచి, చెప్పులు చేతపట్టుకుని, పండు ఇద్దామని కంచె వెంబడి పరుగు తీసింది. సగం రౌండు కాకముందే కొడుకు ముఖం టమాటాలా అయింది. కాళ్లు మడతపడ్డాయి. దుమ్ములో కూలబడి నోరు తెరిచాడు. అందరూ అతన్ని దాటుకుని పోయారు.

పూలమ్మ ఊపులో ఉండి చూసుకోలేదు. మొదటి కుర్రాడితో సమానంగా, కంచె ఇవతల, అన్ని రౌండ్లూ పరుగెత్తి వచ్చింది. ఆయాసం లేదు. కొప్పు కూడా ఊడలేదు. గేటు దగ్గరి కానిస్టేబుల్ నోరెళ్లబెట్టాడు.

"ఏ బ్యాచ్ అమ్మా మీది?"

"అరటిపండ్ల బ్యాచ్ సార్. మా పోరడేడి?"

ఇంటికి తీసుకొచ్చేటప్పుడు అతను మెట్రో మెట్ల మీద ఒక్కో మెట్టూ ఎక్కి కూర్చుంటూ వచ్చాడు. పట్టుకుంటే రెయిలింగు వంగిపోతోందని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అయిపోయిందమ్మా. ఇగ నా బతుకింతే."

పూలమ్మ పక్కనే కూర్చుని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టింది. అది పిండయిపోయింది. ఇంకోటి ఒలిచి నోట్లో పెట్టింది.

"ఫోన్ ఇటియ్యి."

"నీకు ఆడరాదమ్మా."

"నిన్ను పెంచేటప్పుడు గూడ నాకేం రాకుండె. ఇటియ్యి."

ఇప్పుడు ఎల్బీ నగర్ స్టేషన్ కిందికి పొద్దున్నే వెళ్తే ధర్మేందర్ కనబడతాడు. ఉల్లిగడ్డ మూటను ఆటోలోంచి బండి మీదికి ఒక్క విసురుతో వేస్తాడు. వేసి కూర్చుంటాడు. చుట్టుపక్కల బండ్లవాళ్లు కూడా, "తమ్మీ, మాది గూడ ఒక్కటి" అంటారు. వేసి మళ్లీ కూర్చుంటాడు. ఫోను పూలమ్మ నడుం దగ్గర గుడ్డసంచిలో ఉంటుంది. కొడుకు అల్మాస్‌గూడ నుంచి ఆటో వెనక పరుగెత్తి వచ్చిన రోజున, సాయంత్రం ఆటలో అతని బొమ్మకు ప్రాణం పెంచే ఎర్ర ఆపిల్ ఒకటి తినిపిస్తుంది. ఆటో ఎక్కి వచ్చిన రోజున లేదు. మొన్న దారిమధ్య కర్మన్‌ఘాట్ దాకా కూర్చోకుండా వచ్చాడట. మహిపాల్‌కు చెబితే, ప్రాణం మీద పెట్టడం శుద్ధ దండగన్నాడు.

తన పేరు మీద కూడా ఒకటి పెట్టమని దశరథ కుర్చీలోంచే అడిగాడు. "కుర్చీ పేరు మీద పెట్టిన. అదే నడ్సుకుంట వస్తది తియ్," అంది పూలమ్మ.

ఈమధ్య ఆ ఇంట్లో ముందుగా లేచేది ధర్మేందరని చెబితే అల్మాస్‌గూడలో ఎవరూ నమ్మడం లేదు. అతనంతట అతను లేస్తాడని నేనూ అనడం లేదు. పూలమ్మ పడుకున్నచోటి నుంచే ఫోను తీసి, అతని బొమ్మను వేలితో ఒక్క పొడుపు పొడుస్తుంది. పక్క గదిలో ధర్మేందర్ దిగ్గున లేచి నిలబడతాడు. ఆమె ఇంకో అరగంట పడుకుంటుంది.