ఎర్ర మీట నొక్కిన ఆదివారాలు

నేను ఒక టేపు రికార్డరును. నల్లటి పెట్టె, పైన మోసుకుపోవడానికి పిడి, ముందు వరసగా ఐదు మీటలు. వాటిలో ఒకటి ఎర్రది. ఆ ఎర్ర మీట గురించే చెప్పాలి. ఇన్నేళ్లూ మనుషులు చెప్పుకున్నది నేను విన్నాను. నేను చేసిన తప్పు మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

ఉత్తరాదిన ఒక కార్ఖానాలో పుట్టాను. బల్లల ముందు కూర్చున్న ఆడపిల్లలు ఒకరు మోటారు, ఒకరు బెల్టు, ఒకరు స్పీకరు బిగించారు. చివరి బల్ల దగ్గర ఒకామె నా ఎదుట ఏవో నాలుగు మాటలు చెప్పి, నేను తిరిగి అప్పజెప్పిన తన గొంతు విని మొహం చిట్లించి, అట్టపెట్టెలో పెట్టేసింది. తన గొంతు తనకు నచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. విన్నది అప్పజెప్పడమే మా పని. కాకపోతే మాలో ఒక అవలక్షణం ఉంది. ఎర్ర మీట నొక్కితే కొత్త మాట ఎక్కించుకునే ముందు, అక్కడున్న పాత మాటను శుభ్రంగా చెరిపేస్తాం.

1984 వేసవిలో కాకినాడ దుకాణంలో నన్ను కొన్నవాడు సోమేశ్వరం. ఇరవై నాలుగేళ్లవాడు. అద్దంలోంచి నన్ను వేలితో చూపించాడు తప్ప నోరు తెరవలేదు. దుకాణదారు అతన్ని మూగవాడనుకుని, మూగవాళ్లకు చెవులు కూడా వినపడవనుకుని, వీధి చివరికి వినిపించేలా అరిచి ధర చెప్పాడు. సోమేశ్వరం మూగవాడు కాదు. నత్తి ఉంది. మొదటి అక్షరం దగ్గర గొంతు పట్టేసేది.

అతను పెద్దాపురంలో ఒక బియ్యపు మిల్లులో కాటా దగ్గర గుమాస్తా. సామర్లకోటలో తల్లితో, అన్న భాస్కరంతో, వదిన ఇందుమతితో ఉండేవాడు. సాయంత్రం మిల్లునుంచి రాగానే కాళ్లు కడుక్కుని, నన్ను ముందు పెట్టుకుని దినపత్రిక చదివేవాడు. చదివింది వెనక్కి తిప్పి వినేవాడు. ఎక్కడ పట్టేసిందో పెన్సిలుతో గీత పెట్టుకుని, ఆ మాటే మళ్లీ చదివేవాడు. తనకు నత్తి ఎందుకొచ్చిందని అతను నన్నెప్పుడూ అడగలేదు. రోజూ అరగంట చదివాడు, అంతే. ఏడాది తిరిగేసరికి పేపర్లో గీతలు తగ్గాయి.

తల్లి గడప మీద కూర్చుని కూర తరుగుతూ వినేది. అతను ఆగిపోయినప్పుడు కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగేది. "తొందరేవుందిరా నాన్నా, నెమ్మదిగా చెప్పు" అనేది. ఆ మాట ఒక క్యాసెట్టులో ఉండిపోయింది. ఆ చలికాలంలోనే ఆమె పోయింది. ఆమె గొంతు భూమ్మీద మిగిలిన చోటు అదొక్కటే.

మరుసటి ఏడు సోమేశ్వరానికి సంబంధం వచ్చింది. ఇల్లు చూసిపోదామని పెళ్లికూతురివాళ్లు ఐదారుగురు వచ్చారు. నేను హాల్లో గూట్లో ఉన్నాను. పిల్ల మేనమామ ఆప్యాయంగా అడిగాడు: "బాబూ, మిల్లులో తమరేం చేస్తుంటారండి?"

ఆ ప్రశ్న వస్తుందని తెలిసి సోమేశ్వరం జవాబును నా ముందు నెల రోజులు చదువుకున్నాడు. "కాటా దగ్గర గుమాస్తానండి." మూడు మాటలు. "కా" అన్నాడు. పట్టేసింది. "కా... కా..."

భాస్కరం హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఆయన నోరు తెరిస్తే తరగతి తరగతంతా నవ్వేది. అలవాటు కొద్దీ అందుకున్నాడు. "ఒరే సోమూ, ఇంక ఆపరా, పెరట్లో కాకులన్నీ వచ్చి వాలతాయి. కాటా గుమాస్తా అండి మావాడు."

అందరూ నవ్వారు. మేనమామ నవ్వలేదు. సోమేశ్వరం అన్న వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

ఆ సంబంధం తప్పిపోయింది. నత్తి వల్ల కాదు. "సొంత అన్నే నలుగురిలో నవ్వులపాలు చేసే ఇంటికి పిల్లనెలా ఇస్తామండి?" అని మేనమామ మధ్యవర్తితో అన్నాడట. ఆ మాట ఇంటికి చేరిన మధ్యాహ్నమే సోమేశ్వరం రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని, నన్ను గూట్లోనే వదిలేసి పెద్దాపురం వెళ్లిపోయాడు. సామర్లకోటకీ పెద్దాపురానికీ మధ్య ఐదు కిలోమీటర్లు కూడా లేదు. సైకిలు మీద పావుగంట.

మూడో నెలలో కార్డు వచ్చింది. "అన్నయ్యా, ఆ క్యాసెట్టులో అమ్మ గొంతు ఉంది. జాగ్రత్త. వీలు చూసుకుని తెచ్చిపెట్టు."

భాస్కరం ఆ కార్డు రెండుసార్లు చదివాడు. తమ్ముడు అడిగింది క్యాసెట్టును కాదని ఆయనకు అప్పుడే తెలుసు. ఆదివారం భోజనమయ్యాక ముందుగది తలుపు వేసుకుని, క్యాసెట్టు నాలో పెట్టి విన్నాడు. తమ్ముడు చదవడం, ఆగడం, తల్లి మాట. కళ్లు తుడుచుకున్నాడు. తమ్ముడికి ఏం చెప్పాలో ఒకసారి అనుకుని చూసుకుందామని ఎర్ర మీట నొక్కి మొదలుపెట్టాడు.

"ఒరే సోమూ, నేనలా ఎందుకన్నానో ఇవాళ తెలిసిందిరా. నువ్వు మాట్లాడుతుంటే అమ్మ చేతిలో పని ఆపి వినేది. నేను గడగడా మాట్లాడేవాడిని కదా, పని చేసుకుంటూనే వినేది. నా కోసం అమ్మ ఎప్పుడూ ఆగలేదు. నీ నత్తిని చూసి నేను కుళ్లుకున్నానురా..."

ఎంత నిజమైన మాట! విన్న నాకే ఒళ్లు జలదరించింది. కానీ ఆయన ఆ మాట చెబుతున్నంతసేపూ నేను నా పని చేస్తూనే ఉన్నాను. ఒక్కొక్క అంగుళమే తల్లి గొంతు చెరిపేశాను.

వెనక్కి తిప్పి విన్నప్పుడు ఆయనకు తెలిసింది. ఆ సాయంత్రమే బయలుదేరి, జరిగింది తమ్ముడితో చెప్పేస్తే అయిపోయేది. ఆయన చొక్కా వేసుకున్నాడు కూడా. గుమ్మం దాకా వెళ్లి, ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనుకుని, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

మర్నాడు కొత్త క్యాసెట్లు తెచ్చాడు. ఆ తరవాత తొమ్మిదేళ్లు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం, ఆయనా నేనూ.

ఆయనకు తెలియనిది లేదు. తన సిగ్గు వెనక అహంకారం ఎంతో, అహంకారం వెనక భయం ఎంతో పాఠం చెప్పినంత చక్కగా విడదీసి చెప్పేవాడు. మధ్యలో సోమేశ్వరం పెళ్లి కుదిరింది. శుభలేఖ పోస్టులో వచ్చింది. ఇందుమతి ఒక్కతే వెళ్లొచ్చింది. తను ఎందుకు వెళ్లలేకపోయాడో భాస్కరం క్యాసెట్టు రెండు వైపులా చెప్పుకున్నాడు. చెప్పడం అయ్యాక ఆయన మొహం వాన వెలిసినట్టుండేది. లేచి ఒళ్లు విరుచుకుని, "ఇందూ, కాస్త కాఫీ పెడతావా" అని హుషారుగా పిలిచేవాడు. తమ్ముణ్ని నిజంగా కలిసొచ్చినంత తృప్తి. ఆ తృప్తి వారం రోజులు సరిపోయేది. మళ్లీ ఆదివారం వచ్చేది.

తలుపు వెనక భర్త పాఠం తయారు చేసుకుంటున్నాడని ఇందుమతి అనుకునేది. ఒక శనివారం గది సర్దుతూ రేకుపెట్టె నిండా ఉన్న క్యాసెట్లలో ఒకటి తీసి నాలో పెట్టింది. అది పూర్తయ్యాక ఇంకొకటి పెట్టింది. భాస్కరం బడినుంచి వచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"ఇంత తెలిసిన మనిషి, ఇన్నేళ్ల నుంచి ఈ గదిలో ఏం చేస్తున్నారండీ?" అంది.

భాస్కరం చెప్పులు విప్పడం మర్చిపోయాడు. "ఇంకా ఒక్కటి తేలలేదు ఇందూ. మా నాన్న సంగతి కూడా కాస్త ఆలోచిస్తే..."

"మీకు తేలాలని అతను కూర్చోలేదండీ అక్కడ. నాలుగింటికి బస్సుంది. అదొక్కటి ఆలోచించండి."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. మర్నాడు ఆదివారం, ఆమె మాట ఎంత సరైనదో నాకు ముప్పావుగంట వివరించాడు.

సోమవారం ఆయన బడికి వెళ్లగానే ఇందుమతి నన్నూ, ఆ మొదటి క్యాసెట్టునూ గుడ్డసంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

సోమేశ్వరం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి ఉన్నాడు. తల పక్కల నెరిసింది. భార్య పుట్టింటికి వెళ్లింది. వదిన నన్ను బల్ల మీద పెట్టి మీట నొక్కింది. అతను నిలబడే విన్నాడు. కుళ్లుకున్నానన్న మాట దగ్గర కూర్చున్నాడు. క్యాసెట్టు ఆగాక వెనక్కి తిప్పి, తల్లి గొంతు ఉండవలసిన చోటు మళ్లీ విన్నాడు. అక్కడ అన్న గొంతే ఉంది.

"పోయింది కదా వదినా" అన్నాడు.

ఇందుమతి తల వంచుకుంది. "పోయింది సోమూ. ఆ సంగతి చెప్పలేకే రాలేదు."

"అ... అమ్మ ఎలాగూ రాదు వదినా." మిగతా మాట కోసం అతను చాలాసేపు పెనుగులాడాడు. ఆమె ఆగింది. "రా... రాగలిగినవాడు రాలేదు. అదే నా బాధ. ఇదంతా చా... చాలా బాగా చెప్పేడు. నాకు కాదు కదా చెప్పింది."

నా మీటలన్నీ ఒక్కసారి ఊడి రాలిపోతే బాగుండుననిపించింది.

ఆమె నన్ను అక్కడే వదిలేసి వెళ్లింది. ఇంటికెళ్లి భర్తతో ఏమందో తరవాత ఆయన నోటే విన్నాను. "మీ మిషను మీ తమ్ముడి దగ్గరుంది. మాట్లాడుకోవాలనిపిస్తే అక్కడికెళ్లండి" అందట. మొదటి ఆదివారం ఆయన రాలేదు. రెండోదీ రాలేదు. చెప్పుకోవడానికి ఎవరూ లేని రెండు ఆదివారాలు ఆయన ఆ గదిలో ఎలా గడిపాడో నాకు తెలియదు.

మూడో ఆదివారం గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. బస్సెక్కితే మళ్లీ దిగిపోతానేమోనని నడిచి వచ్చాడట.

లోపలినుంచి సోమేశ్వరం భార్య రమణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె బావగారిని చూడలేదు. "ఎవరండీ?" అని భర్తను అడిగింది.

"మా... మా అ..." అన్నాడు సోమేశ్వరం. పట్టేసింది.

భాస్కరం పెదవులు కదిలాయి. మాట నాలుక చివరే ఉంది. పళ్లు బిగించి గుమ్మం చెక్క పట్టుకున్నాడు. వీధిలో ఒక రిక్షా వెళ్లిపోయింది. పక్కింటివాళ్లు బావిలో చేద వేశారు. ఆయన అలాగే ఆగాడు.

"మా అన్నయ్య" అన్నాడు సోమేశ్వరం.

ఆయన తొమ్మిదేళ్లు తయారు చేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. లోపలికి వచ్చి, నిలబడే, "అమ్మ గొంతు నేనే చెరిపేశానురా సోమూ. కార్డు రాగానే రావాల్సింది. రాలేదు" అన్నాడు. అంతకుమించి రాలేదు. జీవితంలో ఆయన చెప్పిన అతి చిన్న పాఠం అదే అయ్యుంటుంది.

"కూ... కూర్చో" అన్నాడు తమ్ముడు. రమణి మంచినీళ్లు తెచ్చింది. ఆయన గంటసేపు కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు, "ఇప్పుడేం చెయ్యమంటావురా?" అని భాస్కరం అడిగాడు.

"వచ్చే ఆదివారం రా."

వచ్చాడు. ఆ తరవాతి ఆదివారమూ వచ్చాడు. అన్నీ చక్కబడిపోయాయని చెబితే అబద్ధమవుతుంది. సోమేశ్వరం అన్న ముందు మనసారా నవ్వడం నేను చూడలేదు. తప్పిపోయిన సంబంధం తప్పిపోయింది, చెరిగిన గొంతు చెరిగింది. వెళ్లని పెళ్లికి ఇప్పుడు వెళ్లడం ఎవరి వల్లా కాదు. అయినా రమణి ఆదివారం బియ్యం ఒక గిద్దెడు ఎక్కువ పోసేది. భాస్కరం చివరిదాకా నా వైపు సరిగా చూడలేదు. నేను ఆయనకు నేస్తాన్నో, ఆయన తప్పులో పాలుదారునో ఆయనకు తేలి ఉండదు.

నాకు తేలింది. బెల్టు సాగిపోయి, మోటారు పట్టేసి, పాతసామాన్ల కొట్లో విరిగిన ఫ్యాన్ల పక్కన ఉన్నానిప్పుడు. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్లు లేరు కనుక ఆలోచించుకోవడానికి తీరిక బోలెడుంది. నేను మంచి శ్రోతనని ఒకప్పుడు గర్వపడేదాన్ని. ఆ మనిషి గుండెలో ముల్లు తియ్యలేదు నేను. నొప్పి తెలియకుండా వారం వారం మందు రాశాను. తమ్ముడి గుమ్మంలో దించుకోవలసిన బరువును నా దగ్గర దించుకుని, తేలిగ్గా లేచి కాఫీ తాగుతుంటే ఊరుకున్నాను.

టేపు నమిలెయ్యడం మా జాతికి చేతకాని పనేమీ కాదు. మంచి మంచి పాటలే నమిలేస్తాం. ఆ తొమ్మిదేళ్లలో ఒక్క ఆదివారమైనా ఆయన మాటలు నమిలి ఉండాల్సింది. విసుక్కుని, నన్ను పక్కకు నెట్టి, లేచి చెప్పులు వేసుకునేవాడేమో.